మూడు పిలుపులు

టెక్కలి కోర్టు వరండాలో
ఇరవయ్యారేళ్ళుగా నా పని పేర్లు పిలవడం,
కాయితం మీద ఉన్న మనిషిని
గుమ్మం దాకా రప్పించడం.

మూడుసార్లు పిలవాలి.
మొదటిది, మెట్ల పక్కన వకీలుతో గుసగుసలాడేవాళ్ళకి.
రెండోది, టీ బడ్డీ దగ్గర గ్లాసు దించనివాళ్ళకి.
మూడోది, రానివాళ్ళకి.

"యజ్జల అసిరిపోలమ్మా...
యజ్జల అసిరిపోలమ్మా...
యజ్జల అసిరిపోలమ్మా, హాజర్!"

మొదటి పిలుపుకే ఆమె గుమ్మంలో ఉంటుంది.
అయినా మూడూ పూర్తి చేస్తాను.
రెండోదానికి చెంగు సర్దుకుంటుంది.
మూడోదానికి కళ్ళు మూసుకుంటుంది
వానకి మొహం పట్టినట్టు.

చిన్న కేసే అనేవారు ప్లీడర్లు.
పోతనవలస పేట నుంచి వల్లకాటికి బండి దారి.
సర్వే పటంలో చుక్కల గీత,
నేల మీద ముళ్ళకంచె.
కంచె అవతల సరుగుడు మొక్కలు
ఏటేటా ఎదుగుతూ సాక్ష్యం చెప్పేవి
అది ఎప్పట్నించో తోటేనని.

ఆమె పెనిమిటి పోయింది భాద్రపదంలో.
మోకాలిలోతు మడిలో పాడె మోసేవాళ్ళు
రెండుసార్లు పడ్డారు.
మూడోసారి పడలేదు,
పాడె వెనక్కి తిప్పారు.
తాసిల్దారు ఆఫీసు మెట్ల మీద దించారు.
ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ మిట్టమధ్యాహ్నం దాకా
ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని
ఏడవలేదట.
ఈగలు తోలుతూ దారి అడిగారట.

ఆ ఈగలు ఎఫ్ఐఆర్‌లో లేవు.
విధులకు ఆటంకం ఉంది,
పద్నాలుగు పేర్లున్నాయి.
అలా ఒక కేసులో ముద్దాయి, ఒక కేసులో వాది,
రెంటికీ ఒకటే చీర.

ముద్దాయిల్లో ఇద్దరు మధ్యలోనే పోయారు.
కబురు కాయితం మీదకి వచ్చేదాకా
వాళ్ళనీ పిలిచాను, మూడేసి సార్లు.
జవాబు ఆమే చెప్పేది:
"ఎల్లిపోనాడు బాబూ.
ఆ దారంట కాదు. మడిలోంచే."

అయిదుగురు జడ్జీలు మారారు.
తుపానుకి రికార్డు గది కురిసి
ఫైలు అట్టలు ఉబ్బిపోయాయి.
ఇంటిమీద కప్పు లేని ఆ వారం కూడా
ఆమె వాయిదాకి వచ్చింది.

ఉండబట్టలేక అడిగాను,
వకీలు వస్తే చాలదా అమ్మా,
కూలి పోగొట్టుకుని నువ్వెందుకు?
"ఊళ్ళో నాను ఒసే పోలినే బాబూ.
కళ్ళం కాడ ఒసే. కొట్టు కాడ ఒసే.
నా పేరు ఇంత పొడుగున్నాదని
నువ్వు పిలిస్తేనే తెలిసినాది."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
మా నాన్ననీ మడిలోంచే మోశాం.
నేను ఏ మెట్ల మీదా దించలేదు.
తెల్లారి ఇస్త్రీ బట్టలేసుకుని
ఇత్తడి బిళ్ళ తుడుచుకుని
పనికి వచ్చేశాను.

పదకొండో ఏట తీర్పు.
ఇంగ్లీషులో తొమ్మిది పేజీలు, తెలుగులో ఒక్క మాట:
దారి పేటది.
రెండు నెలల్లో కంచె తియ్యాలి.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కోర్టులో కొట్టకూడదు.
బయటికెళ్ళి బస్సుకని దాచిన డబ్బుతో
అందరికీ టీ తాగించి
నడిచిపోయింది.

ఇరవై తొమ్మిదో రోజున
అవతలివాళ్ళు అప్పీలుకెళ్ళారు. స్టే.

నకలు కాయితాల కోసం వచ్చింది, ఆయాసపడుతూ.
మెట్టు మీద కూర్చుని
చాలాసేపు ఏమీ అడగలేదు.
అప్పుడడిగింది:
"సిక్కోల్లో పిలిసేవోడు
గట్టిగా పిలుత్తాడా?"

అతన్నెరుగుదును. నీరసం మనిషి,
ఇంటిపేర్లు మింగేస్తాడు.
పాత వాయిదా చీటీ వెనక
పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.
ఇది చూపించు, పూర్తిగా పిలవమను,
మూడుసార్లూ.

చీటీని తలకిందులుగా పట్టుకుని
ఈ చివర నుంచి ఆ చివరికి
వేలితో మెల్లగా నడిచింది.